ఆ తరువాత? – ఎపిరస్ రాజు పైరస్ జీవితం

సికందర్ అనే పేరు వినబడని తరం మన కుటుంబాలలో అరుదు. తాతగారికో, మేనమామకో, పొరుగింటి పిల్లవానికో ఆ పేరు ఉండనే ఉంటుంది. సికందరాబాదు నగరం సైతం మూడవ నిజాం సికందర్ జా పేరుతో వెలసినదే. ఆ పేరు మూలాన్ని వెదుకుతూ వెనుకకు పోతే గ్రీకుల అలెగ్జాండర్ వద్దకు చేరుతాము. ముప్పై మూడేళ్లు నిండకుండానే ఈజిప్టు నుండి సింధునది వరకు జయించి మరణించిన ఆ మాసిడోనియా రాజు కథ పాఠకులకు కొత్త కాదు. అయితే అతని తల్లి ఒలింపియస్ పుట్టిన వంశంలోనే, అతడు మరణించిన సుమారు నాలుగేళ్లకు, మరొక బాలుడు జన్మించాడు. అలెగ్జాండర్ అంతటివాడు కావాలన్న కాంక్ష ఆ బాలుని జీవితమంతటినీ నడిపించింది. అతడే ఎపిరస్ రాజు పైరస్.

గెలిచినవానికి లాభం కన్న నష్టాన్నే ఎక్కువగా మిగిల్చే గెలుపును లోకం నేటికీ ‘పైరిక్ విజయం’ అంటుంది. ఆ మాట ఇతని పేరు నుండి పుట్టినదే. రెండువేల మూడువందల ఏళ్లుగా ఒక మనిషి పేరు ఇలా హెచ్చరికగా నిలిచిపోవడానికి కారణమేమిటి? అతడు పిరికివాడు కాడు, మూర్ఖుడు కాడు, క్రూరుడని పేరుపడినవాడూ కాడు. అటువంటివాని జీవితం ఎక్కడ దారి తప్పింది? అతని మరణానంతరం మూడు శతాబ్దాలకు పైగా గడిచాక గ్రీకు రచయిత ప్లూటార్క్ అతని జీవిత చరిత్రను రాశాడు. ప్రధానంగా దానిని ఆధారం చేసుకొని ఆ కథను పాఠకుల ముందుంచుతున్నాము.

ఏటి ఒడ్డున పసివాడు

ఎపిరస్ అనేది నేటి గ్రీసు వాయవ్య భాగమూ, దక్షిణ అల్బేనియా కలిసిన కొండల ప్రాంతం. అక్కడి మొలోసియన్ తెగను ఏలిన ఏయాసిడెస్ రాజుకు క్రీ.పూ. 319 ప్రాంతంలో పైరస్ జన్మించాడు. బాలునికి రెండేళ్లు నిండేసరికి తిరుగుబాటు చెలరేగింది. తండ్రి రాజ్యం కోల్పోయాడు. మాసిడోనియాను చేజిక్కించుకున్న కసాండర్ ఆ వంశాన్ని రూపుమాపాలని చూస్తున్నాడు. నమ్మకస్తులైన సేవకులు కొందరు పసివానిని, దాదులను వెంటబెట్టుకొని పారిపోయారు.

పొద్దుగుంకే వేళకు వారు ఒక నది ఒడ్డుకు చేరారు. వానలకు ఏరు పొంగి పొర్లుతున్నది. ఆవలి ఒడ్డున మనుషులున్నారు. ఎంత అరిచినా నీటి హోరులో ఒక్క మాటా వారికి వినబడలేదు. అప్పుడొకడు ఓక్ చెట్టు బెరడు ఒలిచి, దుస్తులకు పెట్టుకునే పిన్ను మొనతో తమ ఆపదను, పిల్లవాని దుస్థితిని దానిపై గీశాడు. బెరడును రాతికి చుట్టి ఆవలి ఒడ్డుకు విసిరాడు. అది చదివిన అపరిచితులు చెట్లు నరికి, తెప్పలు కట్టి, ఆ వరదలోకి దిగి వచ్చారు. పసివాడు ఒడ్డుకు చేరాడు.

అక్కడినుండి వారు ఇల్లీరియా ప్రాంతపు రాజు గ్లాకియస్ ఇంటికి వెళ్లారు. రాజు భార్యతో కలిసి కూర్చుని ఉన్నాడు. పిల్లవానిని నేలపై ఉంచి శరణు కోరారు. కసాండర్ ఆగ్రహానికి భయపడి గ్లాకియస్ చాలాసేపు మౌనంగా ఉండిపోయాడు. ఇంతలో పసివాడు పాకుకుంటూ వెళ్లి, రాజు అంగీ అంచును పట్టుకొని, అతని మోకాళ్ల ఆసరాతో లేచి నిలబడ్డాడు. రాజు ముందు నవ్వాడు, ఆ వెంటనే కరిగిపోయాడు. బాలుని భార్య చేతికి అందించి తమ పిల్లలతో పాటు పెంచమన్నాడు. ఆ బిడ్డను అప్పగిస్తే 200 టాలెంట్లు, అంటే ఐదు టన్నులకు పైబడిన వెండి, ఇస్తానని కసాండర్ ఆశపెట్టాడు. గ్లాకియస్ అప్పగించలేదు. బాలునికి పన్నెండేళ్లు వచ్చాక తానే సైన్యంతో వెంటవచ్చి ఎపిరస్ సింహాసనంపై కూర్చుండబెట్టాడు.

ఈ ఘట్టాన్ని ఇంత వివరంగా చెప్పడానికి కారణముంది. పైరస్ జీవితం తెలియని మనుషుల దయతో మొదలైంది. ఆ మనుషులు ఇతరుల బిడ్డ కోసం తమ ప్రాణాలను ఏటిలో పెట్టినవారు. ఆ జీవితం ముగిసిన తీరును చదివేటప్పుడు పాఠకులు ఈ ఏటి ఒడ్డును గుర్తుంచుకోవాలని మా మనవి.

బందీగా వెళ్లి బంధువై

పదిహేడేళ్ల వయసులో, గ్లాకియస్ కుమారుని పెళ్లికి ఊరు దాటి వెళ్లిన సమయంలో, పైరస్ మళ్లీ రాజ్యం కోల్పోయాడు. అప్పుడు తన సోదరి భర్త డెమెట్రియస్‌ను ఆశ్రయించాడు. అలెగ్జాండర్ సేనానులు సామ్రాజ్యం కోసం తమలో తాము కొట్టుకుంటున్న రోజులవి. క్రీ.పూ. 301లో ఇప్సస్ యుద్ధంలో డెమెట్రియస్ పక్షం ఓడిపోయింది కాని యువకుడైన పైరస్ పరాక్రమం అందరి కంటా పడింది. తరువాత కుదిరిన సంధికి హామీగా అతడు బందీ రూపంలో ఈజిప్టు రాజు టోలెమీ వద్దకు వెళ్లాడు. అక్కడ మితమైన నడవడితో రాజదంపతుల మన్నన పొందాడు. రాణి బెరెనిస్‌కు మొదటి భర్త వలన కలిగిన కుమార్తె ఆంటిగనిని అతనికిచ్చి వివాహం చేశారు. మామగారి ధనసహాయంతో క్రీ.పూ. 297లో తిరిగి ఎపిరస్ చేరాడు. కొంతకాలం మరొకనితో రాజ్యం పంచుకొని, తనపై విషప్రయోగానికి కుట్ర జరుగుతున్నదని తెలిసి ఆ సహపాలకుని చంపించి, ఏకైక రాజు అయ్యాడు. ఆంబ్రేసియా నగరాన్ని తన రాజధానిగా చేసుకున్నాడు.

అతనిలో మంచి లక్షణాలు లేకపోలేదు. ఒకసారి కొందరు యువకులు మత్తులో తనను నానా మాటలన్నారని తెలిసి పిలిపించాడు. ఆ మాటలు అన్నది నిజమేనా అని అడిగితే వారిలో ఒకడు, నిజమే ప్రభూ, మత్తు మరికాస్త ఎక్కి ఉంటే ఇంకా ఎక్కువే అనేవాళ్లమన్నాడు. పైరస్ నవ్వి వారిని వదిలిపెట్టాడు. ప్రజలు తనను గరుడపక్షితో పోల్చినప్పుడు, తనకు రెక్కలిచ్చింది వారి ఆయుధాలేనని బదులిచ్చాడు. చేసిన మేలును మరిచేవాడు కాదని, కోపాన్ని దిగమింగుకోగలిగేవాడని ప్లూటార్క్ రాశాడు.

కాని ఇంటిలో అతడు రాజుగానే ఉండిపోయాడు. ఆంటిగని మరణించాక చేసుకున్న పెళ్లిళ్లన్నీ రాజ్యాల పొత్తుల కోసమే. సిరక్యూస్ పాలకుని కుమార్తె లనాసా కోర్సైరా దీవిని కట్నంగా తెచ్చింది. భర్త తన సవతులనే ఎక్కువగా ఆదరిస్తున్నాడని నొచ్చుకొని ఆమె ఆ దీవికే వెళ్లిపోయి, అతని ప్రత్యర్థిగా మారిన డెమెట్రియస్‌ను అక్కడికి పిలిపించుకొని పెళ్లాడింది. భార్యతో పాటు దీవీ చేజారింది. ముగ్గురు కుమారులలో ఒకడు చిన్నతనంలో, రాజ్యం ఎవరికి ఇస్తావని తండ్రిని అడిగాడట. మీలో ఎవరి కత్తి పదునుగా ఉంటే వారికేనన్నాడు పైరస్. పిల్లవాడు అడిగినది వారసత్వం గురించి. తండ్రి చెప్పినది అన్నదమ్ముల మధ్య కత్తుల పోటీ గురించి.

సినియస్ అడిగిన ప్రశ్న

క్రీ.పూ. 288లో మాసిడోనియాలో సగభాగం పైరస్ చేతికి వచ్చింది, కొన్నేళ్లకే పోయింది. ఎపిరస్ మాత్రం క్షేమంగా ఉంది. శాంతిగా ఉండగలిగిన ఆ కాలంలోనే, క్రీ.పూ. 281లో, దక్షిణ ఇటలీలోని గ్రీకు నగరం టరెంటమ్ నుండి దూతలు వచ్చారు. రోముతో తమకు యుద్ధం వచ్చిందని, నాయకత్వం వహించమని కోరారు. పైరస్ ఉత్సాహంగా సిద్ధమయ్యాడు.

అతని సన్నిహితులలో సినియస్ అనే థెస్సలీ దేశీయుడు ఒకడు. మాటకారి, వివేకి. తన ఆయుధాలు గెలిచినవాటి కన్న సినియస్ మాటలు గెలిచిన నగరాలే ఎక్కువని పైరస్ స్వయంగా అంటుండేవాడు. ఒకనాడు తీరికగా ఉన్న సమయంలో సినియస్ సంభాషణ మొదలుపెట్టాడు. రోమును గెలిస్తే ఏమి చేద్దామన్నాడు. ఇటలీ అంతా మనదవుతుందన్నాడు రాజు. ఆ తరువాత? పక్కనే సంపన్నమైన సిసిలీ ఉన్నది. ఆ తరువాత? ఆఫ్రికా తీరాన కార్తేజ్ ఎంత దూరం? ఆ తరువాత? మాసిడోనియా, గ్రీసు మన కాళ్ల దగ్గరికి వస్తాయి. అవన్నీ అయ్యాక? అప్పుడు పైరస్ చిరునవ్వుతో, ఇక హాయిగా విశ్రమిస్తాం, రోజూ విందులు చేసుకుంటూ మిత్రులతో కబుర్లు చెప్పుకుంటాం అన్నాడు.

సినియస్ కోరుకున్నది ఆ జవాబే. అటువంటి హాయి ఇప్పుడే మన చేతిలో ఉన్నది కదా, ఇంత నెత్తురు, ఇంత శ్రమ, ఇన్ని అపాయాలు దాటి దానినే మళ్లీ చేరుకోవడం దేనికని అడిగాడు.

రాజు కోపగించలేదు, జవాబూ ఇవ్వలేదు. ఆ మాటలు అతనిని కలతపెట్టాయే గాని మార్చలేదని ప్లూటార్క్ అంటాడు. తాను వదులుకుంటున్న సుఖమేమిటో అతనికి స్పష్టంగా కనబడింది. అయినా ఆశలను వదులుకోలేకపోయాడు. తెలియక చేసినవాని కథ అయితే జాలిపడి ఊరుకునేవారము. ఇది తెలిసి చేసినవాని కథ.

రెండు విజయాలు

20 ఏనుగులు, 3,000 గుర్రాలు, 20,000 కాల్బలం, 2,000 మంది విలుకాండ్రు, 500 మంది ఒడిసెల విసిరేవారు. ఈ సేనతో పైరస్ సముద్రం దాటాడు. ఈ ఏనుగుల వెనుక మన దేశానికి సంబంధించిన కథ ఒకటున్నది. చంద్రగుప్త మౌర్యుడు సంధి చేసుకొని గ్రీకు రాజు సెల్యూకస్‌కు 500 ఏనుగులు ఇచ్చాడని ప్రాచీన గ్రీకు రచయితలు రాశారు. సెల్యూకస్‌ను చంపి అతని సేనను స్వాధీనం చేసుకున్న టోలెమీ కెరౌనోస్ పైరస్‌కు ఏనుగులను సమకూర్చాడు. కనుక ఇటలీ నేలపై తొలిసారి నడిచిన ఆ యుద్ధగజాలు భారతదేశపు సంతతివేనని చరిత్రకారులు భావిస్తారు.

క్రీ.పూ. 280లో హెరాక్లియా వద్ద రోమన్ సేన ఎదురైంది. వారి శిబిరం తీరును చూసి, వీరి క్రమశిక్షణలో అనాగరికత ఏమీ లేదని పైరస్ ఆశ్చర్యపోయాడు. ఏనుగులను ఎన్నడూ చూడని రోమన్ గుర్రాలు బెదిరి చెదిరిపోయాయి. గెలుపు పైరస్‌దే. రోమన్లు 7,000 మంది, అతని సైనికులు దాదాపు 4,000 మంది చనిపోయారని ఒక ప్రాచీన లెక్క. ఆ నాలుగు వేలలో అతని ఆప్తమిత్రులు, ఎన్నదగిన సేనానులు ఉన్నారు.

సంధి కోసం సినియస్ కానుకలతో రోముకు వెళ్లాడు. ఏ ఇంటిలోనూ ఒక్క కానుక అంగీకరించబడలేదు. అయినా సెనేట్ సంధికి మొగ్గుచూపుతుండగా, చూపు కోల్పోయిన వృద్ధుడు అప్పియస్ క్లాడియస్‌ను పల్లకిలో సభకు మోసుకువచ్చారు. రోముకు దక్షిణంగా ప్రసిద్ధమైన రహదారిని వేయించినవాడు ఆయనే. పైరస్ ఇటలీ నేలను విడిచి వెళ్లేవరకు సంధి మాట వద్దని ఆయన సభను ఒప్పించాడు. తిరిగి వచ్చిన సినియస్ తన రాజుతో, ఆ సభ అనేకమంది రాజుల కొలువులా ఉన్నదన్నాడు.

ఆ రోజులలోనే ఫాబ్రీషియస్ అనే రోమన్ దూత వచ్చాడు. పేదవాడు, నీతిపరుడు. పైరస్ బంగారం ఇవ్వబోతే కాదన్నాడు. మరునాడు తెర వెనుక ఏనుగును నిలిపి, మాటల మధ్యలో హఠాత్తుగా తెర తీయించాడు పైరస్. తల మీదుగా తొండం చాచి ఏనుగు ఘీంకరించినా ఫాబ్రీషియస్ చలించలేదు. నిన్న నీ బంగారమూ, నేడు నీ ఏనుగూ నన్ను కదిలించలేవన్న అర్థం వచ్చేలా నవ్వుతూ బదులిచ్చాడు. తరువాత అతడు రోముకు కాన్సల్‌గా ఉన్నప్పుడు పైరస్ వైద్యుడే, ప్రతిఫలం ఇస్తే రాజుకు విషమిస్తానని రహస్యంగా లేఖ పంపాడు. ఫాబ్రీషియస్ ఆ సంగతిని శత్రువైన పైరస్‌కే తెలియజేశాడు. కృతజ్ఞతగా పైరస్ రోమన్ ఖైదీలను పరిహారం లేకుండా విడిచిపెట్టాడు. యుద్ధభూమిలో పైరస్‌ను మించినవాడు లేకపోవచ్చు. కాని తనకు ఏది అక్కరలేదో తెలిసిన ఫాబ్రీషియస్ ముందు అతడు చిన్నవాడై కనబడతాడు.

క్రీ.పూ. 279లో ఆస్క్యులమ్ వద్ద మళ్లీ ఘోరయుద్ధం జరిగింది. మళ్లీ పైరస్‌దే గెలుపు. 6,000 మంది రోమన్లు, 3,505 మంది తనవారు కూలిపోయారు. అభినందించడానికి వచ్చినవారితో అతడు, రోమన్లపై మరొక్కసారి ఇలాగే గెలిస్తే తాము సర్వనాశనమైనట్లేనన్నాడు. రోముకు ఇంటి ముంగిటనే కొత్త సైనికులు దొరుకుతున్నారు. సముద్రం ఆవలినుండి వచ్చిన అతనికి పోయినవారి స్థానంలో నిలబడేవారు లేరు. ‘పైరిక్ విజయం’ అన్న మాటకు మూలం ఈ ఘట్టమే.

గెలవడం తెలుసు, నిలుపుకోవడం తెలియదు

తన నష్టాన్ని అంత స్పష్టంగా చెప్పగలిగినవాడు అక్కడితో ఆగవలసింది. ఇంతలో సిసిలీ గ్రీకులు కార్తేజ్ నుండి కాపాడమని పిలిచారు. ఇటలీ పనిని సగంలో వదిలి క్రీ.పూ. 278లో అక్కడికి తరలిపోయాడు. ఎరిక్స్ కోటను ముట్టడించినప్పుడు నిచ్చెనపై అందరికన్న ముందు తానే ఎక్కాడు. లిలిబేయమ్ తప్ప కార్తేజ్ చేతిలో దాదాపు ఏమీ మిగలలేదు. కాని ఆఫ్రికాపై దండెత్తాలన్న ఆత్రంలో సిసిలీ నగరాల నుండి ఓడలకు మనుషులను బలవంతంగా తీసుకోసాగాడు. తనను ఆహ్వానించిన పెద్దలనే అనుమానించి, వారిలో ఒకనికి మరణదండన విధించాడు. రక్షకుడని పిలిచినవారే విసిగి ఎదురుతిరిగారు. ఇటలీకి తిరిగివచ్చి క్రీ.పూ. 275లో బెనెవెంటమ్ వద్ద రోమన్ల చేతిలో దెబ్బతిన్నాడు. ఆరేళ్ల తరువాత 8,000 కాల్బలం, 500 గుర్రాలతో ఇల్లు చేరాడు. చేతిలో డబ్బు లేదు.

డబ్బు కోసం మళ్లీ యుద్ధం. మాసిడోనియాపై పడి ఆంటిగోనస్ రాజును ఓడించాడు. అక్కడ అతని కిరాయి సైనికులు మాసిడోనియా రాజుల సమాధులను తవ్వి దోచుకున్నారు. పైరస్ వారిని శిక్షించలేదు, ప్రజలు అతనిని క్షమించలేదు. మంచి పందేలు పడినా వాటిని వాడుకోవడం తెలియని జూదరి అని ఆంటిగోనస్ అతనిని వర్ణించాడట.

ఆ గెలుపైనా స్థిరపడకముందే, క్రీ.పూ. 272లో, 25,000 కాల్బలం, 2,000 గుర్రాలు, 24 ఏనుగులతో స్పార్టా మీదికి వెళ్లాడు. స్పార్టా రాజు క్రీటు దీవిలో ఉన్నాడు, నగరంలో సైన్యం తక్కువ. స్త్రీలను రాత్రికి రాత్రే క్రీటుకు పంపివేయాలని పెద్దలు తలపెట్టారు. అప్పుడు ఆర్కిడేమియా అనే మహిళ కత్తి చేతబట్టి సభకు వచ్చి, ఊరు పోయాక మేము బ్రతికి ఉండాలా అని నిలదీసింది. ఆ రాత్రి ఏనుగులను అడ్డుకోవడానికి కందకం తవ్వారు. మరునాడు పోరాడవలసిన యువకులను నిద్రపొమ్మని చెప్పి, కందకంలో మూడవ వంతు స్త్రీలే తవ్వి ముగించారు. పైరస్ ఎంత ప్రయత్నించినా స్పార్టా లొంగలేదు.

ఆర్గోస్ వీధిలో ఒక తల్లి

స్పార్టాను వదిలి అతడు ఆర్గోస్ వైపు కదిలాడు. దారిలో జరిగిన పోరులో పెద్దకుమారుడు టోలెమీ మరణించాడు. ఆంటిగనికి పుట్టిన బిడ్డ అతడు. దుఃఖాన్ని శత్రువులపై కత్తిగా తిప్పి, తండ్రి ప్రయాణం కొనసాగించాడు.

లోపలివాడొకడు తలుపు తెరువగా రాత్రివేళ సేన ఆర్గోస్‌లో ప్రవేశించింది. ఏనుగుల మీది అంబారీలు ద్వారానికి తగిలాయి. వాటిని దించి, చీకటిలో మళ్లీ ఎక్కించేసరికి ఊరు మేల్కొన్నది. తెల్లవారాక పైరస్ వెనుదిరగాలనుకున్నాడు గాని ఇరుకు సందులలో తన సేనే తనకు అడ్డుపడింది. ఒక ఏనుగు ద్వారంలో అడ్డంగా కూలింది. నికాన్ అనే మరొక ఏనుగు, గాయపడి జారిపడిన తన మావటిని వెదుకుతూ వెనుకకు తిరిగి, అతని శరీరాన్ని తొండంతో ఎత్తి దంతాలపై ఉంచుకొని, అడ్డువచ్చినవారినందరినీ తొక్కుకుంటూ పోయింది. ఆ గందరగోళంలో ఒక ఆర్గోస్ యువకుడు ఈటెతో పైరస్‌ను స్వల్పంగా గాయపరిచాడు. పైరస్ అతని వైపు తిరిగాడు.

ఆ యువకుడు ఒక పేద వృద్ధురాలి కొడుకు. ఊరి స్త్రీలతో పాటు ఆమె ఇంటి కప్పుపై నుండి చూస్తున్నది. కొడుకు ప్రాణం మీదికి వచ్చిందని చూసి, కప్పు పెంకును రెండు చేతులా ఎత్తి విసిరింది. అది శిరస్త్రాణం కింద మెడపై పడింది. అలెగ్జాండర్‌తో సరితూగాలని జీవితమంతా పరుగెత్తిన రాజు గుర్రంపై నుండి జారిపడ్డాడు. ఒక సైనికుడు అతని తల నరికాడు. వయసు నలభై ఏడు దాటలేదు.

ఆంటిగోనస్ వద్దకు అతని కుమారుడే ఆ తలను తెచ్చాడు. ఆంటిగోనస్ కొడుకును మందలించి, ముఖానికి వస్త్రం అడ్డుపెట్టుకొని కంటతడి పెట్టాడు. పైరస్ దేహాన్ని గౌరవంగా సాగనంపి, పట్టుబడిన అతని కుమారుడు హెలెనస్‌ను మర్యాదతో ఎపిరస్‌కు పంపించాడు.

టరెంటమ్ అదే ఏడాది రోముకు లొంగిపోయింది. మరో నలభై ఏళ్లకు ఎపిరస్‌లో ఆ రాజవంశమే అంతరించింది. క్రీ.పూ. 167లో రోమన్ సేన ఎపిరస్‌లోని 70 పట్టణాలను దోచి, 1,50,000 మందిని బానిసలుగా తీసుకుపోయింది.

జవాబు ఎవరు చెప్పాలి?

వరదలోకి తెప్పలు దింపిన అపరిచితులు, రాజు అంగీ అంచు పట్టుకున్న పసివాడు, కొడుకు కోసం పెంకు ఎత్తిన ముసలితల్లి, వీరిని పక్కపక్కన నిలిపి చూస్తే పైరస్ జీవితం మనకు అర్థమవుతుంది. బిడ్డను కాపాడే మనుషుల చేతులు అతనికి ప్రాణం పోశాయి. మరొక ఇంటి బిడ్డను కాపాడుకునే చేతులు అతని ప్రాణం తీశాయి. మధ్యనున్న నలభై అయిదేళ్లలో అతడు ఎన్ని ఊళ్ల గడపలు దాటాడో లెక్కలేదు గాని, తన గడపలో తీరికగా కూర్చున్నది తక్కువ.

మనకు రాజ్యాలు లేవు, ఏనుగులు లేవు. ఇంకొక్క స్థలం కొని ఆగుతాను, ఇంకొక్క రెండేళ్లు పరదేశంలో సంపాదించి వచ్చేస్తాను, ఆ తరువాత పిల్లలతో ఉంటాను అన్న మాట మాత్రం ఎన్నో ఇళ్లలో వినబడుతుంది. అప్పు తీర్చడానికి, బిడ్డలను చదివించడానికి పడే కష్టాన్ని మేము తక్కువ చేయడం లేదు. ఆ అవసరాలు తీరిన తరువాత కూడా ఆగని పరుగు గురించే మా ఆలోచన. సినియస్ వంటివారు మన ఇంటిలోనూ ఉంటారు. ఒకచోట భార్య, ఒకచోట తల్లి, మరొకచోట ఫోనులో ఎప్పుడు వస్తావని అడిగే పిల్లవాడు. వారు ‘ఆ తరువాత?’ అని అడిగినప్పుడు పైరస్ వలె చిరునవ్వుతో దాటవేయకుండా, ఆ సాయంత్రమే కూర్చుని జవాబు చెప్పడం మేలు.